కాబేజీ ధరలో పురుగు వాటా

కాబేజీ ధర సరకు రాకపైనా, గిరాకీపైనా ఆధారపడి ఉంటుందన్నది మార్కెట్లో అందరూ చెప్పే మాటే. అయితే ఒకే రోజున, ఒకే యార్డులో, పక్కపక్కనే ఉన్న రెండు రాశులకు రెండు ధరలు పలకడానికి కారణం చాలాసార్లు పై ఆకుల మీది చిల్లులు. ఆ చిల్లులు వేసేది అర అంగుళమైనా లేని ఒక రెక్కల పురుగు సంతానం. ముడిచిన రెక్కల మీద వజ్రాకారపు గుర్తులు వరసగా కనిపిస్తాయి కనుక దీనికి డైమండ్ బ్యాక్ మాత్ అని పేరు వచ్చింది. వజ్రం పేరు పురుగుకు దక్కగా, దాని ఖర్చు మాత్రం రైతు ఖాతాలో పడుతున్నది.

ఈ పురుగు మన దేశంలో ఉన్నట్లు 1914లోనే నమోదయింది. కాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు, ముల్లంగి దీనికి ఆహారం. వేడి ప్రాంతాలలో గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు వరకు రెండు మూడు వారాలు చాలు. అంటే మూడు నెలల పంట కాలంలో నాలుగు తరాలు పుట్టుకు వస్తాయి. పిచికారీలో బతికి బయటపడిన పురుగులే తరువాతి తరానికి తల్లిదండ్రులు కావడంతో, మందును తట్టుకునే శక్తి సీజను సీజనుకూ పెరుగుతూ పోతుంది.

చరిత్ర చెబుతున్నదీ ఇదే. పంటల మీది పురుగులలో డి.డి.టి.కి లొంగనిదిగా ప్రపంచంలో మొదట పేరు పడినది ఇదే. 1953లో ఇండోనేషియాలోని జావాలో ఆ సంగతి బయటపడింది. మన లూధియానాలో డి.డి.టి., పారథియాన్ మందులను ఈ పురుగు తట్టుకుంటున్నట్లు 1968లో వెల్లడయింది. జీవసంబంధమైన మందు గనుక ఢోకా లేదనుకున్న బ్యాసిలస్ థురింజియెన్సిస్‌ను కూడా హవాయి పొలాలలో ఇది తట్టుకుంటున్నట్లు 1990లో తేలింది. మందు ఖరీదు పెరిగిన కొద్దీ పురుగు తగ్గుతుందన్న నమ్మకానికి ఈ లెక్కలలో ఎక్కడా ఆధారం లేదు.

అయినా రైతు పదేపదే ఎందుకు పిచికారీ చేస్తున్నాడు? అజ్ఞానం వల్ల అని తీర్మానించడం తేలిక. కాని అతడు వేసుకునే లెక్క వేరు. ఉదాహరణకు చిల్లుల పేరిట క్వింటాలుకు 100 రూపాయలు కోత పడితే, 100 క్వింటాళ్ళు అమ్మే రైతు 10,000 రూపాయలు పోగొట్టుకుంటాడు. మరో పిచికారీ ఖర్చు అంతకంటే తక్కువే. కనుక ఆ రోజుకు అతని లెక్క సరైనదే. తప్పంతా ఆ లెక్క చేయిస్తున్న బేరంలో ఉన్నది. ఆ చిల్లులున్న పై ఆకులు రెండింటినీ చిల్లర వ్యాపారి ఎలాగూ వలిచి పారేస్తాడు. తినని ఆకు కోసం రైతు మందు కొనవలసి వస్తున్నది. తినే ఆకు మీద ఆ మందు అవశేషం మిగులుతున్నది.

ధరల ఊగిసలాట ఈ వ్యాధిని మరింత ముదరబెడుతున్నది. ధర పుంజుకున్నప్పుడు, పిచికారీకి, కోతకు మధ్య పాటించవలసిన గడువు ఎవరికీ గుర్తుండదు. ధర పడిపోయినప్పుడు కోత కూలి, రవాణా కూడా గిట్టవని పంటను చేలోనే వదిలేస్తారు. ఆ వదిలేసిన చేను పురుగుకు నర్సరీ అవుతుంది. ఈ నెల ధర పతనం వచ్చే నెల పక్క రైతు మందుల బిల్లుగా మారుతున్నదన్న మాట.

మార్గాంతరం లేకపోలేదు. బెంగుళూరు సమీపంలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కాబేజీ 25 వరసలకు ఆవాలు రెండు వరసలు ఎర పంటగా వేయాలని ఏనాడో సూచించారు. మొదటి వరస కాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండవది నాటిన 25 రోజులకు విత్తాలి. పురుగు ఆవాల మీదికి ఆకర్షితమవుతుంది. దానిని అక్కడే అదుపు చేయవచ్చు. కాబేజీ మీద వేపగింజల కషాయం వాడవచ్చు. విచక్షణ లేని పిచికారీలు తగ్గితే ఈ పురుగును నాశనం చేసే చిన్న కందిరీగలు కూడా చేలో బతుకుతాయి. అయితే 27 వరసలలో రెండంటే ఏడు శాతం నేల. ఆ నేల త్యాగానికి మార్కెట్ ఏమీ చెల్లించదు కనుకనే ఈ పద్ధతి కరపత్రాలు దాటి ఊరూరికీ చేరలేదు.

చిల్లుల గడ్డను కొనేవాడు ముట్టుకోడని వ్యాపారులు అంటారు. ఇందులో కొంత నిజం ఉన్నది. అందుకే యార్డులోనే రెండు పై ఆకులు తీసి, గడ్డ గట్టిదనాన్ని, తూకాన్ని బట్టి గ్రేడు నిర్ణయించడం న్యాయం. ఆ ఆకుల తూకం తగ్గినా, చిల్లుల కోత కంటే ఆ తరుగే రైతుకు నయం. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు. మార్కెట్ కమిటీలు, కమీషన్ ఏజెంట్లు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

ధర పడి వదిలేసిన చేలను వెంటనే దున్నించడానికి ప్రభుత్వం ఎకరానికి ఇంత అని సాయం చేయాలి. ఆ ఖర్చు ఒక్క రైతు కోసం కాదు, చుట్టుపక్కల చేలన్నిటి కోసం. మందుల దుకాణాలు ఇచ్చే బిల్లుపై కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు మందు పేరు కూడా తెలుగులో స్పష్టంగా ఉండాలి. డబ్బా మారినంత మాత్రాన మందు మారదు. పేర్లు వేరైనా ఒకే మందును మళ్ళీ మళ్ళీ కొట్టి, మార్చి కొట్టాననుకునే రైతును ఆ పురుగే ఓడిస్తున్నది.

ఇన్నేళ్ళుగా పురుగు తీరు మార్చడానికి కొత్త మందుల కోసం వెతికారు. ఇక బేరం తీరు మార్చి చూడవలసిన సమయం వచ్చింది.