ఎఱ్ఱని మంచు – ఎఱిగిన మాట

1818వ సంవత్సరంలో జాన్ రాస్ అనే బ్రిటిష్ నౌకాధిపతి గ్రీన్లాండు వాయవ్య తీరపు కొండచరియలపై మంచు ఎఱ్ఱగా ఉండటం చూచినాడు. ఆకాశం నుండి రాలిన ఇనుమే అందుకు కారణమని కొందరు ఊహించారు. నిజానికి అది కంటికి ఆనని ఒక నాచు. జాతికి ఆకుపచ్చనిదే అయినా, తీవ్రమైన ఎండ నుండి తన్ను కాచుకొనుటకు ఎఱ్ఱని వర్ణద్రవ్యాన్ని కూర్చుకొంటుంది. తెల్లని మంచు ఎండను త్రిప్పికొడుతుంది. ఎఱ్ఱవారిన మంచు ఎండను పీల్చుకొని త్వరగా కరుగుతుంది. ఆ కరిగిన నీటిలో నాచు మరింత పెరుగుతుంది.

ఇంత చక్కని విషయాన్ని తెలుగు పిల్లవానికి ఎట్లా చెప్పాలి? మంచు అనగానే అతనికి తోచేది ధనుర్మాసపు వేకువను గడ్డిపై నిలిచిన బిందువు, లేదా దారి కనబడనీయని పొగమంచు. కొండలపై పేరుకొనేది వేఱని ముందుగా చెప్పవలసి ఉన్నది. ఇక పాఠ్యపుస్తకం 'శైవలం' అంటుంది. విద్యార్థి దానిని వల్లించి మార్కులు తెచ్చుకొంటాడు. ఊరి దిగుడుబావి మెట్లపై తన కాలు జారించిన పాచికీ, ఈ శైవలానికీ చుట్టఱికమున్నదని మాత్రం ఎఱుగడు.

శాస్త్రానికి నిర్దిష్టమైన పరిభాష అక్కఱలేదా అని అడుగవచ్చును. తప్పక కావాలి. హుస్సేన్ సాగరులో మురుగు చేరి నీరు పచ్చబడినప్పుడు మనం పాచి అనే దానిలో కొంత, శాస్త్రదృష్టితో చూస్తే, బాక్టీరియా వర్గానిది. ఆ భేదాన్ని వాడుకమాట చెప్పలేదు. అయితే ఎఱిగిన మాటతో మొదలుపెట్టి ఎఱుగని మాటకు చేర్చడమే బోధన. ఎఱుగని మాటతోనే మొదలయ్యేది కంఠపాఠం.

కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినది ఈ హైదరాబాదులోనే. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం చిరకాలం నడిచినది నాంపల్లి తోటలోనే. అయినా ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటలపై పఱచిన పుస్తకాల గుట్టలలో పరీక్షల గైడ్లు దొరికినంత సులువుగా పిల్లలు చదువదగిన తెలుగు విజ్ఞానగ్రంథం నాకు దొరకలేదు. సంస్థలున్నంత మాత్రాన భాషకు శాస్త్రం అబ్బదు, తరగతిగదిలో అబ్బాలి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. నల్లబల్లపై 'శైవలం' అని వ్రాయకముందు, మీ ఊరి చెఱువులో పచ్చగా తేలేదానిని ఏమంటారని పిల్లలను అడగండి. నాచు అనేవారు, పాచి అనేవారు తలా ఒక మాట చెబుతారు. ఆ మాటలను కూడ బల్లపై వ్రాయండి. గ్రీన్లాండు కథ ఆ తరువాత చెప్పండి.