గాలికి దారి

టర్బో కారుకు ఇంటర్‌కూలర్ గొట్టాలు సొంతంగా వేయించుకోవడం మీద తెలుగులో వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా పరవాలేదు. పద్యం గురించీ కథ గురించీ ఎంత పట్టుదలతో వాదించుకుంటామో, చేతిపని గురించి కూడా అంత పట్టుదలతోనూ మన భాషలో వాదించుకోగలగాలన్నది నా పాత అభిప్రాయం. పైగా ఈ విషయం మన ఎండతో, మన దుమ్ముతో, మన రోడ్లతో ముడిపడి ఉంది. నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల్లో బండి నడిపేవారికి పరాయి విషయమేమీ కాదు.

నేను చెప్పదలచినది ఒక్కటే: ఈ పనిలో గొట్టం కన్నా దారి ముఖ్యం. ఎంత లావు, ఏ లోహం, ఏ మెరుగు అన్నవి తరువాతి ప్రశ్నలు. గాలి ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతుంది, ఎన్ని మలుపులు తిరుగుతుంది, ఏ వేడి పక్కనుంచి పోతుంది అన్నది తేల్చుకోకుండా గొట్టం కొనడం, బావి ఎక్కడో చూడకుండా మోటారు కొనడం వంటిది.

ముందుగా అసలు సంగతి. పొగతో పాటు వృథాగా పోయే శక్తితో చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజనుకు గాలిని నొక్కి పంపవచ్చునన్న ఊహకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహీ 1905లో పేటెంటు పొందాడు. టర్బో అంటే అదే. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారందరికీ దాని అడుగు చురుక్కుమనడం తెలుసు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. నొక్కినందువల్ల వచ్చిన లాభంలో కొంత ఆ వేడే తినేస్తుంది. అందుకని టర్బోకూ ఇంజనుకూ నడుమ గాలిని చల్లార్చే జల్లెడ వంటి పెట్టె ఒకటి పెడతారు. అది ఇంటర్‌కూలర్. టర్బో నుంచి ఆ పెట్టెకు, పెట్టె నుంచి ఇంజనుకు పోయే గొట్టాల గురించే ఈ చర్చంతా.

ఇప్పుడు మన ఎండను లెక్కలోకి తీసుకుందాం. మే నెలలో మన వైపు 43 డిగ్రీలు కొత్త కాదు. బయటి గాలిని దాని ఒత్తిడికి 1.8 రెట్లు నొక్కే టర్బో, నూటికి డెబ్బై పాళ్ల సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే, అందులోంచి వెలువడే గాలి సుమారు 126 డిగ్రీలుంటుంది. అదే టర్బో 28 డిగ్రీల చల్లని పూట 107 డిగ్రీల గాలినిస్తుంది. ఇంటర్‌కూలర్ తన పని నూటికి డెబ్బై పాళ్లు చేస్తే మొదటిది 68కీ, రెండోది 52కీ దిగుతాయి. 126 నుంచి 68కి దిగిన గాలి, అదే ఒత్తిడి దగ్గర, ఇంచుమించు 17 శాతం చిక్కబడుతుంది. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న పాలమూరులో గాలి ఒత్తిడే సముద్ర తీరం కన్నా ఐదారు శాతం తక్కువ. కనుక మనకు చల్లార్చడం విలాసం కాదు, అవసరం. చలిదేశం కుర్రవాడు తన కారుకు వేసుకున్న గొట్టాల బొమ్మ చూసి అచ్చం అలాగే వేయమనడం అందుకే తగదు. అతని లెక్క వేరు, మన లెక్క వేరు.

ఇక లావు గొట్టం భ్రమ. గొట్టం ఎంత లావైతే అంత బలమన్న నమ్మకం చాలా గట్టిగా పాతుకుపోయింది. కాగితం మీద చూద్దాం. 1.2 లీటర్ల ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది కనుక, సెకనుకు సుమారు 55 లీటర్లు మింగుతుంది. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న గొట్టంలో ఆ గాలి వేగం సెకనుకు 28 మీటర్లు. ధ్వని వేగంలో అది పదో వంతు కూడా కాదు. ఉక్కిరిబిక్కిరి అయ్యే దశకు ఇది చాలా దూరం. పోనీ 63 మిల్లీమీటర్లకు పెంచామనుకోండి. మూడు మీటర్ల దారిలో లోపలి జాగా సుమారు 5.9 లీటర్ల నుంచి 9.4 లీటర్లకు పెరుగుతుంది. పెరిగిన మూడున్నర లీటర్లు ఇంజను పరిమాణానికి దాదాపు మూడు రెట్లు. కాలు నొక్కిన ప్రతిసారీ టర్బో ముందు ఆ జాగా నింపాలి, ఆ తరువాతే ఇంజనుకు అందాలి. లావు పెంచి కొనుక్కున్నది కొంత ఆలస్యమే. పెద్ద ఇంజనుకూ పందెపు బండికీ లెక్క మారవచ్చు. కానీ లెక్క వేసి మార్చాలి, కంటికి బాగుందని కాదు.

పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టినవారు, కాలువలు తవ్వినవారు. గడ్డపార దిగకముందే కాలువ దారిలో సర్వే రాళ్లు పాతుతారని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ నేల మీదుగానే పోతుంది. తూము దగ్గర ఎంత వదిలారన్నది లెక్క కాదని, చివరి మడికి ఎంత చేరిందన్నదే లెక్కని ఆ ఆయకట్టు రైతులందరికీ తెలుసు. టర్బో తూము వంటిది, ఇంజను చివరి మడి. మధ్యలో మలుపులు ఎక్కువైతే ఒత్తిడి పడుతుంది, అతుకు వదులైతే గండి పడుతుంది. ఇంజనుకు చేరవలసిన ఒత్తిడిని కంప్యూటరు చూస్తూ ఉంటుంది కనుక, తక్కువైతే టర్బోను ఇంకా గట్టిగా తిప్పుతుంది. దారిలోని నష్టానికి టర్బో తన ఆయుష్షుతో పరిహారం చెల్లిస్తుంది.

మరి దారి ఎలా వేయాలి? తక్కువ పొడవు, తక్కువ మలుపులు, మలుపు వచ్చినచోట గొట్టం నలగకుండా నిండుగా తిరిగిన వంపు. పొగగొట్టం పక్కనుంచి పోక తప్పకపోతే నడుమ రేకు అడ్డం. రేడియేటరు ఫ్యానుకు, బెల్టుకు, బ్రేకు గొట్టాలకు, కరెంటు తీగలకు తగలని ఎడం. ఇంజను తన రబ్బరు దిమ్మల మీద ఊగుతూ ఉంటుంది, ఇంటర్‌కూలర్ చట్రానికి బిగిసి ఉంటుంది. ఆ రెండింటి నడుమ కదలికను భరించే మెత్తని గొట్టం ముక్క ఉండి తీరాలి. బంపరు కింద నేలకు దగ్గరగా వేలాడే దారి మన ఊళ్ల స్పీడు బ్రేకర్ల దగ్గర ఎన్నాళ్లో బతకదు.

ఇంటర్‌కూలర్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా దారిలో భాగమే. పెద్దది కొని ముందు నిలబెడితే దాని వెనకనున్న ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ గాలి తగ్గుతుంది. ఏసీ లేనిదే కూర్చోలేని ఎండలో, టోలుగేటు దగ్గర బండి ఆగినప్పుడు, అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. యాసంగి వడ్లు రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో పొట్టూ దుమ్మూ ఆ సన్నని రేకుల నడుమ చేరుతాయి. వరికోత యంత్రాలు నడిపేవారు రేడియేటరులో చిక్కిన గడ్డిని ఎన్నిసార్లు దులుపుతారో చూసినవారికి ఈ మాట అర్థమవుతుంది. చేయి పెట్టి శుభ్రం చేయడానికి వీల్లేని చోట పెట్టిన ఇంటర్‌కూలర్ రెండు వేసవులకు ఉత్త బరువవుతుంది.

దారిని ముందు నమూనాగా కట్టి చూడాలి. దేవరకొండలోనైనా వనపర్తిలోనైనా మోటారు సామాన్ల దుకాణంలో పీవీసీ గొట్టాలూ ఎల్బోలూ దొరుకుతాయి. వాటితో బానెటు కింద దారిని పేర్చి, బానెటు మూసి, చక్రాలు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడ తగులుతుందో గుర్తు పెట్టుకుని, కొలతలు రాసుకుని, ఆ తరువాతే లోహం కోయాలి. ఒక హెచ్చరిక: పీవీసీ నమూనాకు మాత్రమే. పైన చెప్పిన 126 డిగ్రీలు చేరకముందే అది మెత్తబడి, ఒత్తిడికి ఊడిపోతుంది. చవకగా దొరికిందని దానితోనే బండి నడపడం ప్రాణాలతో చెలగాటం.

అతుకుల సంగతి. అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగు చేయించాలి. గొట్టం కొసన చుట్టూ ఉబ్బెత్తు అంచు తీయించాలి, లేకపోతే క్లాంపు ఎంత బిగించినా ఒత్తిడికి గొట్టం జారుతుంది. సాదా సిలికాన్ గొట్టాన్ని నూనె ఆవిరి క్రమంగా పాడుచేస్తుంది కనుక లోపల నూనెకు ఓర్చే పొర ఉన్నదే కొనాలి. పని ముగిశాక రెండు కొసలూ మూసి, టర్బో ఇచ్చేంత ఒత్తిడికి మించకుండా గాలి నింపి, ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు పోసి చూడాలి. పంక్చరు దుకాణంలో ట్యూబును తొట్టిలో ముంచి చూసేది ఈ శాస్త్రమే. ఈలవేసే చప్పుడు, నల్లని పొగ, చచ్చుబడిన లాగుడు ఉంటే దారిలో గండి ఉన్నట్టు అనుమానించాలి.

చివరిగా, ఎవరికీ నచ్చని మాట. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పు ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చడం చెల్లదు. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ యజమానికి పడవచ్చునని 182ఎ సెక్షను చెబుతోంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా వెతికేదీ ఇటువంటి మార్పులనే. చట్టం మరీ మొరటుగా ఉందని వాదించేవారున్నారు. నిపుణుడు పరీక్షించి ముద్ర వేసే పద్ధతి ఉంటే బాగుండునని నేనూ అనుకుంటాను. అది వచ్చేదాకా కొత్త దారి వేసే ముచ్చట పందెపు మైదానంలో నడిచే బండికీ, ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు పోటీలకు కట్టే బండికీ పరిమితం కావాలి. రోడ్డు మీది కారుకు కంపెనీ దారినే శుభ్రంగా, గండి లేకుండా ఉంచుకోవడం మేలు. డబ్బు పోసి కొత్త గొట్టాలు వేయించాలనుకునేవారిలో కొందరికైనా కావలసింది పాత అతుకుకు కొత్త క్లాంపే.

ఈ విద్య మన దగ్గర లేక కాదు. హైవేల పక్క షెడ్లలో లారీలకూ బోరు బండ్లకూ టర్బో గొట్టాలు విప్పి బిగించే చేతులకు ఇందులో చాలా భాగం తెలుసు. తెలిసినది కాగితం మీదికి రాలేదు, అంతే. కనుక పని చేయించుకునేవారికి నా మనవి: దారి బొమ్మ గీసి, ప్రతి ముక్క పొడవూ, ప్రతి వంపు కోణమూ, ప్రతి క్లాంపు కొలతా తెలుగులో రాసి బండిలో ఉంచండి. రేపు ఏ కొత్తకోట దగ్గరో, ఏ చిట్యాల దగ్గరో గొట్టం ఊడితే, చీకట్లో టార్చి పట్టుకుని వంగిన మెకానిక్కు చదువుకోవడానికి తన భాషలో ఒక కాగితం ఉంటుంది.