మానవ ప్రోటీనునకు బాక్టీరియా పుట్టినిల్లు

మానవ శరీరమునందలి యొక హార్మోనును సూక్ష్మజీవిచేత చేయింపవచ్చునను ఊహ కార్యరూపము దాల్చినది 1977వ సంవత్సరమున. అంతకుముందు సొమాటోస్టాటిన్ అను హార్మోను లక్షలకొలది గొఱ్ఱెల మెదళ్ళనుండి కొలది మిల్లీగ్రాములుగా మాత్రమే లభించిన దుర్లభ పదార్థము. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ సంస్థయందలి ఇటకూర, రిగ్స్ అను శాస్త్రజ్ఞులును, శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన బోయరును తమ సహచరులతో గూడి, 14 అమైనో ఆమ్లములు మాత్రమే గల ఆ హార్మోనునకు తగిన జన్యువును రసాయనిక పద్ధతిని నిర్మించి, ఎషరీషియా కొలై అను బాక్టీరియాలో ప్రవేశపెట్టిరి. తొలి ప్రయత్నము విఫలమయ్యెను. తయారైన ఆ చిన్న హార్మోను తునకను బాక్టీరియా తన ఎంజైములతో ఖండించి రూపుమాపెను. అంతట వారు బాక్టీరియా సొంత ప్రోటీనైన బీటా గాలక్టోసిడేజు వెనుక దానిని జతపఱచి, రెండింటి నడుమ మెథియోనిన్ అను అమైనో ఆమ్లము నొక్కదానిని నిలిపిరి. సయనోజెన్ బ్రోమైడు అను రసాయనము మెథియోనిన్ ఉన్న తావుననే ప్రోటీను గొలుసును ఛేదించును. సొమాటోస్టాటిన్‌లోపల మెథియోనిన్ లేదు. కావున హార్మోను చెక్కుచెదరక విడివడినది. ఇంతటి సూక్ష్మబుద్ధితో గూడిన యుపాయము ఆధునిక జీవశాస్త్ర చరిత్రలో అరుదనియే నా యభిప్రాయము. మఱుసటి యేడు ఇన్సులిన్ గొలుసులు రెండును ఇట్లే తయారైనవి. 1982లో ఆ యిన్సులిన్ ఔషధముగా అమెరికాలో అనుమతి పొందినది.

నాడు మహాయత్నముగా నుండినది నేడు ప్రయోగశాలలలో నిత్యకృత్యము. కోరిన మానవ ప్రోటీను చివర ఆఱు హిస్టిడిన్ అమైనో ఆమ్లములను తగిలించి, బాక్టీరియాలో పెంచి, నికెలు అయానులు గల గొట్టముగుండ పోసినచో తక్కినవి జాఱిపోయి కోరినది నిలుచును. సీసాపై దాని మానవనామము వ్రాసి విక్రయింతురు. అయితే ఆ ప్రోటీనునకు బాక్టీరియాయే పుట్టినిల్లు. పుట్టినింటి గుణములు కొన్ని దానిని వదలవు. మన కణములు అనేక ప్రోటీనులను చక్కెర గొలుసులతో అలంకరించును. ప్రయోగశాలలలో వాడు సాధారణ కొలై బాక్టీరియాకు ఆ విద్య రాదు. ఎరిత్రోపాయిటిన్ వంటి హార్మోనునకు ఆ చక్కెరలు లేనిచో శరీరములో నిలుకడ లేదు గనుకనే దానిని క్షీరద కణములలో తయారుచేయుదురు. కొన్ని ప్రోటీనులు బాక్టీరియాలో సరిగా ముడుచుకొనక ముద్దలై పేరుకొనును. వాటిని కరగించి తిరిగి ముడుచునట్లు చేయవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఎండోటాక్సిన్. ఇది బాక్టీరియా పైపొరయందలి కొవ్వు, చక్కెరల సమ్మేళనము. అత్యల్ప మాత్రయందును మన రోగనిరోధక కణములను రెచ్చగొట్టును. ప్రోటీను స్వచ్ఛతను చూపుటకు సామాన్యముగా వాడు జెల్‌పై, ప్రోటీనులకు వేయు రంగుతో ఇది కానరాదు. నూటికి 95 పాళ్లు శుద్ధమని వ్రాసిన సీసాలోనే యిది దాగియుండగలదు.

దీనివలన శాస్త్రమునకు కలిగిన నష్టము ఊహామాత్రము కాదు. 2000వ సంవత్సర ప్రాంతమున, హెచ్.ఎస్.పి.-70 అను మానవ ప్రోటీను కణముల వెలుపల నున్నపుడు తానే రోగనిరోధక వ్యవస్థను మేలుకొలుపునని పలు పరిశోధనలు వెలువడెను. అది టి.ఎల్.ఆర్.-4 అను గ్రాహకముద్వారా పనిచేయునని చెప్పిరి. ఎండోటాక్సిన్ పనిచేయునదియు సరిగా ఆ గ్రాహకముద్వారానే. ఎండోటాక్సిన్‌ను మిక్కిలి తగ్గించిన ప్రోటీనుతో ప్రయోగించినపుడు ఎలుకల మాక్రోఫేజులు అను రోగనిరోధక కణములు స్పందింపలేదనియు, వెనుకటి ఫలితమునకు కారణము ఆ మలినమేయనియు 2003లో వెల్లడియైనది. ఎందఱి శ్రమ, ఎంతటి ధనము ఆ త్రోవలో వ్యయమైనవో తలచిన మనసు చివుక్కుమనును.

బాక్టీరియాను విడనాడుమనుట నా యుద్దేశము కాదు. చౌకగను, శీఘ్రముగను ప్రోటీనును అందించుటలో దానికి సాటి వేఱొకటి కానరాదు. పనినిబట్టి జీవిని ఎంచుకొనవలెను; హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ 1997లో వెలువరించిన హెపటైటిస్-బి టీకా ఈస్టులో తయారైనది, ఈస్టునకు ఎండోటాక్సిన్ లేదు. సూదిమందులకు ఎండోటాక్సిన్ పరిమితిని చట్టము నిర్దేశించును. పరిశోధనకై మాత్రమే యని ముద్రించిన సీసాకు అట్టి నిర్బంధము లేదు. ఈ లోటును శాస్త్ర పత్రికలు పూరింపవలెను. ప్రోటీను ఏ జీవిలో పుట్టినది, అందలి ఎండోటాక్సిన్ ఎంత, అను రెండు విషయములు లేని రోగనిరోధక పరిశోధనా వ్యాసమును అవి స్వీకరింపరాదు. లాడము ఆకారపు పెంకు గల సముద్రజీవి రక్తకణముల సారముతో చేయు ఎండోటాక్సిన్ పరీక్షకు ఒక పూట చాలును.