సూర్యుడు లేని మూడు దినములు

కలకత్తా ఉత్తరపు కొసను బారకపూరు ట్రంకు రోడ్డు మీదనున్న భారతీయ గణాంక సంస్థలో, భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలయందు, మన గోదావరి లోయనుండి తరలిపోయిన మహాకాయమొకటి నిలిచియున్నది. ప్రాణహిత గోదావరుల లోయలో త్రవ్వితీసిన సుమారు 300 ఎముకలలోనుండి కూర్చి నిలిపిన ఈ రాక్షసబల్లికి, కాలు మిక్కిలి పెద్దదగుటచేతను, త్రవ్వకము సాగిన 1961వ సంవత్సరము రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరమగుటచేతను, బరాపాసారస్ టాగోరై యని పేరిడిరి. తల మాత్రము దొరకలేదు. వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరములు. దాని ప్రక్కటెముకల నీడలో నిలిచి, నాతో వచ్చిన మిత్రుడు, గుంటూరు లూథరన్ కుటుంబమున పుట్టినవాడు, "ఏమండీ, ఇది అయిదవ దినపుదా, ఆరవ దినపుదా?" అని అడిగెను.

నేను నవ్వితిని గాని, ప్రశ్న నవ్వదగినది కాదు. ఆదికాండము మొదటి అధ్యాయమును గడియారముగా చదువువారు రెండు తెగలు. ఒకరు దినమన 24 గంటలేయని పట్టుబట్టి, ఐర్లండు మతాచార్యుడు జేమ్స్ అషరు 1650లో తేల్చిన క్రీస్తుపూర్వము 4004వ సంవత్సరమునకు ఈవలనే యీ యెముకలను కుదింపవలెనందురు. మరియొకరు శిలల సాక్ష్యమునకు వెఱచి, ఒక్కొక్క దినమును కోట్ల యేండ్లకు సాగదీసి, శాస్త్రముతో రాజీ కుదిరినదని ఊపిరి పీల్చుకొందురు. నా దృష్టిలో ఇరువురిదియు ఒక్కటే పొరపాటు: గ్రంథము చెప్పుచున్నది వినక, దానిచేత పంచాంగము చెప్పింప జూచుచున్నారు. సూర్యచంద్రులు నాలుగవ దినమునగాని పుట్టలేదు. అయినను మొదటి మూడు దినములకును అస్తమయోదయములు చెప్పబడినవి. ఈ చిక్కు భూగర్భశాస్త్రము వచ్చినపిదప బయటపడినది కాదు. అవి యెట్టి దినములో ఊహించుటయే దుష్కరమని అయిదవ శతాబ్దినాడే క్రైస్తవాచార్యుడు అగస్టీను ఒప్పుకొనెను. ఇంక వరుసను చూడుడు: మొదటి దినమున వెలుగు, నాలుగవ దినమున ఆ వెలుగును పంచు జ్యోతులు, రెండవ దినమున ఆకాశమును జలములును, అయిదవ దినమున వాటిలో మసలు పక్షులును మత్స్యములును, మూడవ దినమున నేల, ఆరవ దినమున ఆ నేలపై నడచు జంతువులును మానవుడును. గదులు ముందు కట్టి, పిమ్మట ఒక్కొక్క గదిలో కాపురము పెట్టిన చందమే గాని, ఇది రోజుకూలీల హాజరుపట్టీ కాదు. రెండవ అధ్యాయము నాలుగవ వచనమునకు వచ్చుసరికి ఆ పనియంతయు ఒక్క దినమను మాటలో ఇమిడిపోయినది.

సాయంకాలము ముందు, ఉదయము తరువాత: సూర్యోదయముతో దినము నారంభించు మనకు ఈ క్రమమే వింత. ఈ కలకత్తాలోనే బాగ్దాదునుండి వచ్చిన యూదులు 1884లో కట్టిన ఎఱ్ఱయిటుకల మాగెన్ డేవిడ్ మందిరము ఎదుట శుక్రవారము ప్రొద్దు గ్రుంకువేళ నిలిచినచో ఆ వింత తీరును. వీథిలో మూటలు మోయువారును తోపుడుబండ్లవారును ఆనాటి బేరము ఇంకను ముగియలేదని కేకలు వేయుచుండగా, ఆ మందిరపు లెక్కలో విశ్రాంతిదినము అప్పుడే అడుగుపెట్టినది. ఆ సమాజమువారు ఈనాడు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే; మందిరమును కనిపెట్టుకొనియున్నవారు ముసల్మానులు. ఆరు దినములు పని, ఏడవ దినము విరామము: సృష్టికథలోని వారము ఈ బ్రదుకునకు మేలుబంతి.

ఈ నగరముననే 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్సు, రాధాకాంతశర్మ కూర్చిన పురాణసారమును ముందుంచుకొని, 1788లో హిందువుల కాలగణనను గూర్చి వ్యాసము వ్రాసెను. అంతటి బహుభాషావేత్తయు మోషే గ్రంథపు లెక్కనే తక్కెడగా పట్టుకొని, మొదటి మనువు ఆదాము, ఏడవ మనువు నోవహు అయియుందురని ఊహించి, మన యుగములను కొలది వేల యేండ్లలో ఇముడ్చ జూచెను. ఆయనను చూచి మనము నవ్వ బనిలేదు. బ్రహ్మకు పగలు 432 కోట్ల యేండ్లు, భూమి వయస్సు సుమారు 454 కోట్లు, కనుక మనవారు ముందే కనిపెట్టిరని సభలలో చెప్పువారు చేయునది జోన్సు పనియే, తలక్రిందుగా. సూర్యసిద్ధాంతకర్త చరాచరసృష్టికి 47,400 దివ్యవర్షములు, అనగా 1,70,64,000 మానవ సంవత్సరములు, పట్టెనన్నాడు. గ్రహములను లెక్కింపవలసినవాడు గనుక అంకె యిచ్చినాడు. ఆదికాండమునకు అంకెతో పనిలేకపోయెను. సంకల్పము చెప్పు పురోహితుడు శ్వేతవరాహకల్పమును నాటి తిథివారములను ఒక్క ఊపిరిలో చదువును; బ్రహ్మ పగటిని తన మంగళవారముతో కలిపి గందరగోళపడిన యజమానుని నేనెన్నడును చూడలేదు.

వాదమునకు దిగుటకు ముందు ఆ మొదటి అధ్యాయమును, రెండవదాని మొదటి నాలుగు వచనములతో కలిపి, ఏకబిగిని చదువుడని ఇరుపక్షములవారిని కోరుచున్నాను. గుంటూరు మిత్రుడు ఆ రాత్రియే చదివి, ఏడవ దినమునకు అస్తమయోదయములు వ్రాసియుండలేదేమండీ యని నాకు ఫోను చేసెను. వ్రాసియుండలేదు.