కంప్యూటరుకు మరో గాదె

పిల్లలూ,

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడి ఉత్తరం ఉన్నది. వాడి కంప్యూటరులో 256 గిగాబైట్ల చోటే ఉన్నదట. ఒక్క ఆటకే 100 గిగాబైట్లు పోయినవి. కొత్త ఆటకు చోటు చాలటం లేదు. "తాతయ్య చెప్పిన కథలు పది గంటలసేపు రికార్డు చేసి దాచుకున్నాను. తాతయ్య ఇప్పుడు లేరు. అవి తీసివేస్తే చోటు వస్తుందా? కొత్తది కొనాలంటే నాన్నగారి దగ్గర ఎక్కువ డబ్బు లేదు" అని అడిగాడు.

ముందు ఒక లెక్క కట్టి చూద్దాం. మామూలు ఎంపీత్రీ పద్ధతిలో ఒక నిమిషం మాటలు దాచటానికి సుమారు ఒక మెగాబైటు పడుతుంది. పది గంటలంటే 600 నిమిషాలు, అనగా 600 మెగాబైట్లు. వెయ్యి మెగాబైట్లయితేగాని ఒక గిగాబైటు కాదు. చూశారా! తాతయ్య కథలన్నీ చెరిపివేసినా ఆ ఆటలో నూరోవంతుకు కూడా చోటు రాదు. ఏనుగును కట్టివేయటానికి చోటు కావాలని చీమను వెళ్ళగొట్టినట్టు ఉంటుంది.

ఇంకొక సంగతి. డబ్బిచ్చి కొన్న ఆటను తీసివేసినా, మీ ఖాతాలోనుంచి మళ్ళీ దింపుకోవచ్చు. తాతయ్య గొంతు ఏ దుకాణంలోనూ దొరకదు. కనుక ఆడి ముగించిన ఆటనే తీసివెయ్యండి. మీరు ఎంతవరకు ఆడారో ఆ గుర్తు భద్రంగా ఉన్నదో లేదో ముందు చూసుకోండి. దీనికి కానీ ఖర్చు లేదు.

అప్పటికీ చాలకపోతే కొనాలి. దొరికేవి రెండు రకాలు.

మొదటిది హార్డ్ డిస్కు. దీనిలో అయస్కాంతపు పూత గల పళ్ళేలు గ్రామఫోను రికార్డులాగా తిరుగుతవి. నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో! 1956లో ఐ.బి.ఎం. కంపెనీ ఇటువంటి యంత్రాన్ని మొట్టమొదట తయారుచేసింది. రెండడుగుల పళ్ళేలు 50 ఉన్నా, దానిలో పట్టినవి 50 లక్షల అక్షరాలే. తాతయ్య కథ అయిదు నిమిషాలు కూడా పట్టేది కాదు!

రెండవది ఎస్.ఎస్.డి. దీనిలో తిరిగేది ఏమీ లేదు. చిన్న చిన్న గదులలో విద్యుత్తును బంధించి సమాచారం దాస్తారు. కరెంటు పోయినా అది చెరిగిపోదు. ఈ ఫ్లాష్ పద్ధతిని 1980 తరువాతి సంవత్సరాలలో జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా కనిపెట్టాడు.

హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 150 మెగాబైట్లు అందిస్తే, మామూలు సాటా ఎస్.ఎస్.డి. 500 అందిస్తుంది. 100 గిగాబైట్లు చదవటానికి మొదటిదానికి 11 నిమిషాలు, రెండవదానికి మూడున్నర నిమిషాలలోపే. పైగా ఆట తనకు కావలసినవి తలా ఒక మూలనుంచి తెప్పించుకుంటుంది. అప్పుడు హార్డ్ డిస్కు మరీ వెనకబడుతుంది. కాని గిగాబైటుకు ఇంత అని లెక్కవేస్తే హార్డ్ డిస్కే చవక. అది గాదె వంటిది, ఎస్.ఎస్.డి. వంటింటి డబ్బా వంటిది. ఇప్పుడు ఆడే ఆటలు డబ్బాలో, ఊరికే దాచేవి గాదెలో ఉంచటం మంచిది. అయితే ఎస్.ఎస్.డి. వేసినంతమాత్రాన బొమ్మలు మరింత అందంగా రావు. ఆ పని గ్రాఫిక్స్ కార్డుది. ఆట తెరుచుకునేదాకా కాచుకునే సమయం మాత్రం తగ్గుతుంది.

దుకాణానికి వెళ్ళేముందు నాన్నగారితో కలిసి మదర్‌బోర్డు పుస్తకం తెరవండి. ఎం.2 అనే సన్నని గాడి ఉన్నదా? ఉంటే దానిలో ఎన్.వి.ఎం.ఇ. రకం పడుతుందా, సాటా రకమా? రెండూ చూపుకు ఒకేలాగుంటవి, కాని ఒకదాని చోట మరొకటి పనిచేయకపోవచ్చు. గాడి లేకపోతే తీగతో తగిలించే సాటా రకం కొనండి. ఎన్.వి.ఎం.ఇ. ఎన్నో రెట్లు వేగం గలదే అయినా, చాలా ఆటలలో ఆ తేడా అంతగా తెలియదు. కనుక వేగం అంకె చూసి ఎక్కువ డబ్బు పొయ్యకండి.

"16 టెరాబైట్లు, కొద్ది వందలే" అని ఎవరైనా అమ్మితే దగ్గరకు పోకండి. అటువంటివాటిలో చోటు కొంచెమే ఉంటుంది. ఎక్కువ ఉన్నట్టు కంప్యూటరుకు అబద్ధం చెబుతవి. అది నిండగానే, కొత్తవి వచ్చి పాతవాటిని తుడిచిపెడతవి. ఒక టెరాబైటు కొంటే కంప్యూటరు 931 అని చూపినప్పుడు మాత్రం కంగారుపడకండి. అది మోసం కాదు. కొలిచే పద్ధతిలో తేడా.

చివరి మాట. ఏ డిస్కయినా ఒకనాటికి పాడవుతుంది. ఆ కుర్రవాడు ముందు చేయవలసినది ఆట కొనటం కాదు. తాతయ్య కథలకు మరొక ప్రతి తీసి, ఒక పెన్ డ్రైవులో వేసి, అమ్మ చేతికివ్వాలి. మళ్ళీ దొరకనివి మీ ఇంట్లో ఏమున్నవో మీరూ చూసుకోండి. ఆ పని ఈవేళే చేయండి, ఆట రేపు ఆడవచ్చు.