చీటీ మీద 'ఫిజియో' అని వ్రాస్తే సరిపోతుందా?

ప్రతి యేడూ ఈ సంచికకు 'మోకాళ్ళ నొప్పులు - తీసుకోవలసిన జాగ్రత్తలు' వంటి వ్యాసమొకటి వ్రాసి ఇచ్చి చేతులు దులుపుకోవడం నాకు అలవాటైపోయింది. ఈసారి సంపాదకులు "డాక్టరుగారూ, జాగ్రత్తలు చాలు, మీ అభిప్రాయం ఏదైనా వ్రాయండి" అన్నారు. అందుచేత చాలాకాలంగా మనసును తొలుస్తున్న ఒక సంగతిని సభ్యుల ముందుంచుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ళ క్రితం రాజంపేట ప్రాంతం నుంచి వచ్చిన ఒక యువకుడు షువైఖ్‌లో అద్దాల పని చేస్తూ చెయ్యి కోసుకున్నాడు. ఉంగరం వేలును ముడిచే స్నాయువులు, అంటే టెండన్లు, రెండూ తెగిపోయాయి. ఇరుకైన గొట్టం వంటి తొడుగులో ఈ రెండూ ఒకదానిమీద ఒకటి జారుతూ ఉంటాయి. అరచేతి మడత నుంచి వేలి మధ్య వరకు ఉండే ఈ భాగానికి అమెరికన్ శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ 'నో మ్యాన్స్ ల్యాండ్' అని పేరు పెట్టాడు. రెండు సైన్యాల మధ్య ఎవరూ అడుగుపెట్టని నేల అన్నమాట. ఒకప్పుడు ఇక్కడ వెంటనే కుట్లు వేయడానికే వైద్యులు జంకేవారు. ఇప్పుడు వేస్తున్నాం. నేనూ వేశాను, బాగానే వేశాను.

అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. కుట్టిన టెండన్ మొదటి కొద్ది వారాలు చాలా బలహీనంగా ఉంటుంది. గట్టిగా పిడికిలి బిగిస్తే తెగుతుంది. అలాగని కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోయి ఇక జారదు. అందుకని మణికట్టును కాస్త వంచి చెక్క కట్టి, ఆ కట్టులోనే గంటకొకసారి వేలిని మెల్లగా, లెక్కగా కదిలించాలి. ఏ వారంలో ఎంత వంచాలి, ఎప్పుడు బరువు ఎత్తనివ్వాలి అన్నది దినదినం చూసుకుంటూ పోవాలి. పూర్తి బలం పెట్టడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. శస్త్రచికిత్స రెండు గంటల పని, ఇది పన్నెండు వారాల పని.

నేను చీటీ మీద 'ఫిజియోథెరపీ' అని ఒక్క మాట వ్రాసి పంపాను. అక్కడ అతన్ని చూసినవాడు మనవాడే, కష్టపడే కుర్రవాడు. విరిగిన ఎముకకు చేసినట్లే ఆరు వారాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత మైనం కాపడం మొదలుపెట్టాడు. వేలు కర్రలా బిగుసుకుపోయింది. "సారూ, కుట్లు బాగానే ఏసినారు గదా, మరి ఏలు ఎందుకు వంగడం ల్యా?" అని ఆ రాజంపేట అబ్బాయి అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆ కుర్రవాణ్ణి కోపంగానే అడిగాను. అతను తలవంచుకుని, "సార్, ఇంటర్న్‌షిప్‌లో చేతి కేసులు రెండో మూడో చూపించారు. అవి కూడా దూరం నుంచే" అన్నాడు. నా కోపం సగం అక్కడే చల్లారింది. ఎం.బి.బి.ఎస్. కాగానే నా చేతికి కత్తి ఇచ్చి టెండన్ కుట్టమని ఎవరైనా అన్నారా? పెద్దల పక్కన నిలబడి, తిట్లు తిని, సంవత్సరాల తరబడి నేర్చుకున్నాకే కుట్టనిచ్చారు. మరి ఆ కుర్రవాడి పక్కన ఎవరు నిలబడ్డారు?

మన దేశంలో బి.పి.టి. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా చాలాకాలం నడిచింది. 2021లో అనుబంధ వైద్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చాక, 2025లో వెలువడిన కొత్త పాఠ్యప్రణాళిక దీన్ని ఐదేళ్ళు చేసి, ఇంటర్న్‌షిప్‌ను ఒక సంవత్సరానికి పెంచింది. సంతోషమే. ఎం.పి.టి. ఉంది కదా అంటారేమో. ఉంది, రెండేళ్ళు. ఎముకలు, నరాలు, గుండె-ఊపిరితిత్తులు, పిల్లలు, క్రీడలు అని శాఖలూ ఉన్నాయి. కానీ తరగతులు, థీసిస్, పరీక్షల మధ్య ఒక గురువు పక్కన కూర్చుని రోగిని చూసే గంటలు ఎన్ని? అది కాలేజీని బట్టి, అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

అమెరికాలో ఫిజియోథెరపీ స్పెషాలిటీల బోర్డు 1978లోనే ఏర్పడింది, 1985లో మొదటి స్పెషలిస్టులు వచ్చారు. డాక్టరేటు అయ్యాక కోరుకున్నవారు ఒక శాఖలో రెసిడెన్సీ చేస్తారు. కనీసం 1500 గంటలు రోగులను చూడాలి. నన్ను ఆకట్టుకున్నది మరో అంకె: అనుభవజ్ఞుడు ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పే గంటలు 150కి తగ్గకూడదు. చేతి చికిత్సకైతే 1991 నుంచి విడిగా పరీక్షే ఉంది. 4000 గంటల పని చూపించనిదే ఆ పరీక్షకు కూర్చోనివ్వరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2015లో అక్కడే వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో రెసిడెన్సీ చేసినవారి రోగులకు, చేయనివారి రోగులకు పెద్ద తేడా కనిపించలేదు. ఆపైన ఫెలోషిప్ కూడా చేసినవారి దగ్గరే మెరుగు కనిపించింది. పైగా రెసిడెన్సీ కాలంలో జీతం తక్కువ. అప్పుచేసి చదివిన పిల్లలకు అది చిన్న సంగతి కాదు. అయినా అరుదుగా వచ్చే, తప్పితే మళ్ళీ సరిదిద్దడం కష్టమయ్యే కేసులకు ఎవరో ఒకరు ప్రత్యేకంగా తయారుకావలసిందేనని నా నమ్మకం.

కువైట్‌లో డాక్టర్లకు ఈ శిక్షణ ఇవ్వడానికి 1984లోనే వైద్య స్పెషాలిటీల సంస్థ పెట్టారు. దాన్ని కూడా కిమ్స్ అనే అంటారు, మన హైదరాబాదు కిమ్స్ కాదు లెండి! మన వైపు తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి, స్విమ్స్ ఫిజియోథెరపీ కళాశాల ఒకే ఊళ్ళో ఉన్నాయి. హైదరాబాదులో నిమ్స్ ఉంది. రోగులకు కొదవలేదు, గురువులకూ కొదవలేదు. ఏటా నలుగురైదుగురికి స్టైపెండు ఇచ్చి, ఒక్క శాఖలో ఒక సంవత్సరం నేర్పితే చాలు, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ఆ స్టైపెండులో ఒకటి మన సంఘం ఎందుకు భరించకూడదు? సంక్రాంతికి తెప్పించే కళాకారుల టిక్కెట్లలో ఒకటి తగ్గితే సరిపోతుందని నా అంచనా. కోశాధికారిగారు కోప్పడరని ఆశిస్తాను. అలాగే ఇక్కడ క్లినిక్కులు నడుపుతున్న మన సభ్యులకు ఒక విన్నపం. ఉద్యోగానికి వచ్చినవారిని "ఎన్నేళ్ళ అనుభవం?" అని మాత్రమే కాక "ఎటువంటి రోగులను, ఎవరి దగ్గర చూశావు?" అని కూడా అడగండి.

ఆ మధ్య సాల్మియాలో ఒక సభ్యుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. పన్నెండో తరగతి చదువుతున్న వాళ్ళమ్మాయి బి.పి.టి. చేస్తానంటోందట. "అన్నయ్యగారూ, మీరైనా దానికి నచ్చజెప్పండి. ఎం.బి.బి.ఎస్. సీటు రాక చేసిందంటారు నలుగురూ" అని తల్లి బాధపడింది. నచ్చజెప్పడానికి బదులు నేను ఈ వేలి కథ చెప్పాను. ఆ అమ్మాయి అన్నం కలుపుతున్నదల్లా ఆగి, తన ఉంగరం వేలిని నాలుగుసార్లు ముడిచి చూసుకుంది.

"అంకుల్, ఆ అన్నయ్య వేలు ఇప్పుడు వంగుతుందా?" అని అడిగింది.

ఆరు నెలల తర్వాత అతుకులు విడదీయడానికి మళ్ళీ ఆపరేషన్ చేశామనీ, ఆ మర్నాటి నుంచే ఈసారి నేనూ ఆ కుర్రవాడూ కలిసి పుస్తకం ముందు పెట్టుకుని రోజూ కదిలించామనీ చెప్పాను. సగం వంగుతుంది. అద్దాల పని మానేసి, ఇప్పుడు డ్రైవరుగా చేస్తున్నాడు.