తండ్రి పేరు అడగని చట్టం, తల్లి పేరు తలవని సాహిత్యం

దేవదాసీ పద్ధతి నివారణ, నిషేధం, బాధితుల సహాయ పునరావాసాల కోసం రూపొందించిన కొత్త బిల్లును 2025 ఆగస్టులో కర్ణాటక శాసనసభ ఆమోదించింది. అందులో ఒక నిబంధన మిగిలినవాటికంటె లోతుగా ఆలోచింపజేయవలసినది. దేవుడి పేర విడిచిన స్త్రీకి పుట్టిన బిడ్డ ఇకమీదట ఏ దరఖాస్తులోనూ తండ్రి పేరు రాయనక్కరలేదు. తన తండ్రి ఎవరో తేల్చుకోవాలనుకుంటే న్యాయపరంగా తేల్చుకొనే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది. బళ్ళారి జిల్లాలోను, 2021లో దాని నుంచి విడివడిన విజయనగర జిల్లాలోను ఇది ఎన్నో గడపల సంగతి, ఆ గడపల్లో కన్నడంతో పాటు తెలుగూ వినబడుతుంది. అయినా ఈ పత్రిక దృష్టికి వచ్చినంతలో తెలుగు సాహిత్య లోకం ఈ చట్టానికి ఒక సభను గాని, ఒక ప్రత్యేక సంచికను గాని కేటాయించలేదు. ఈ మౌనం మరపు వల్ల వచ్చినది కాదు. స్త్రీ విముక్తి కథను తెలుగులో చెప్పుకొంటూ వచ్చిన తీరులోనే దాని మూలం ఉంది.

దేవదాసి అనగానే తెలుగు పాఠకుడి మనసులో మెదిలే బొమ్మ ఒకటే. గుడిలోను, కొలువులోను ఆడి పాడిన కళావంతురాలు, మాన్యం అనుభవించినామె, పద్యం చదవనూ రాయనూ నేర్చినామె. బళ్ళారి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ప్రాంతాల మెట్టపల్లెల్లో మాల, మాదిగ, బోయ ఇళ్ళ నుంచి దేవుడికో దేవతకో విడిచిన బసివి ఆమె కాదు. బసివికి గుడిలో కొలువు లేదు, ఆట నేర్పిన గురువు లేడు, పేరున మాన్యం లేదు. ఊళ్ళో అందరు ఆడవాళ్ళలాగే ఆమె కూలికి పోయి కలుపు తీస్తుంది. పెళ్ళి మాత్రం ఉండదు. బళ్ళారి ప్రాంతపు బసివిల గురించి పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ పందొమ్మిదో శతాబ్దం చివర రాసిన వ్యాసం, ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి సంపుటాలు బసివిగా విడిచే తంతును నమోదు చేశాయి. పెళ్ళికొడుకు కూర్చోవలసిన కుడిపక్కన, మొనకు నిమ్మకాయ గుచ్చిన కత్తిని నిలబెట్టి పిల్ల కుడిచేతికి పట్టిస్తారు. కలశం, దీపం పెట్టిన పళ్ళెం ఆమె ముందు మూడుసార్లు తిప్పుతారు. ఆ తరువాత పిల్లే లేచి ఆ కత్తిని తీసుకువెళ్ళి దేవుడి సన్నిధిలో పెడుతుంది. వరుడి స్థానంలో ఇనుము, దాని కొనన ఒక నిమ్మకాయ, ఆ పక్కన ఏం జరుగుతున్నదో తెలియని ఒక పసిది.

ఆ వ్యాసకర్తకు ఆశ్చర్యం కలిగించినది తంతు కాదు, దాని ఫలితం. బసివిగా విడిచిన కూతురు ఆ ఇంటికి కొడుకవుతుంది: తండ్రి ఆస్తికి వారసురాలవుతుంది, కర్మకాండ జరుపుతుంది, ఆమె బిడ్డలు ఆమె పుట్టింటి పేరే పెట్టుకొంటారు. కొడుకు లేని ఇంట కూతుర్ని బసివిగా విడవడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. దీనిని స్త్రీ స్వాతంత్ర్యమని కీర్తించేవారూ ఉన్నారు, కేవలం వ్యభిచారమని తీసిపారేసేవారూ ఉన్నారు. ఇద్దరిదీ సగం చూపే. శరీరాన్ని ఊరికి వదిలితే తప్ప కూతురికి కొడుకు హక్కు దక్కని సమాజం అది. ఆ హక్కు నిజమైనదే, దానికి ఆమె చెల్లించిన వెల ఘోరమైనదన్నదీ నిజమే. సంస్కరణ అనేది న్యాయంగా జరిగి ఉంటే వెలను రద్దు చేసి, హక్కును కూతుళ్ళందరికీ ఇచ్చి ఉండాలి. జరిగినది వేరు.

మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదల వల్ల 1929లో వచ్చిన సవరణ, గుడి సేవకు బదులుగా దేవదాసీలు అనుభవిస్తున్న ఇనాం భూములను సేవ షరతు నుంచి విడిపించి వారికే దఖలు పరిచింది. ఆ సంస్కర్త చేసిన మేలు చిన్నది కాదు, అయితే ఆ మేలు మాన్యం ఉన్నవారికే అందింది. ఇనాం ముఖం ఎరగని బసివికి అందులో సెంటు నేల రాలేదు. 1947 నాటి మద్రాసు చట్టం, అప్పటికి ఆ రాష్ట్రంలోనే ఉన్న బళ్ళారి జిల్లా అంతటికీ వర్తిస్తూ, దేవుడికి విడవడాన్ని నేరంగా ప్రకటించింది, అలా విడిచిన స్త్రీ చేసుకొనే పెళ్ళి చెల్లుతుందని చెప్పింది. ఆమె తిండి గురించి, బిడ్డల చదువు గురించి, కొడుకుగా ఆమె పొందిన వాటా గురించి చట్టం పట్టించుకోలేదు. మానవలసిన ఆచారం చీకటిలో సాగింది, ఆ ఆచారం ఇచ్చిన ఒక్క హక్కూ వెలుతురులో పోయింది.

ఆ పైన గీత పడింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరులోకి వెళ్ళాయి. హులిగెమ్మ జాతరకు నేటికీ రెండు వైపుల నుంచీ జనం వస్తారు; దేవతకు లేని సరిహద్దు చట్టానికి వచ్చింది. కర్ణాటక 1982లో దేవదాసీ నిషేధ చట్టం చేస్తే, ఆంధ్రప్రదేశ్ 1988లో చేసింది. హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య చేసిన కృషి ఆ చట్టానికి వెనుక బలం, బసవి, జోగిని, మాతమ్మ అన్న పేర్లు ఆ చట్టపు నిర్వచనంలోనే కనిపిస్తాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమాన వాటానిచ్చే సవరణను మాత్రం ఆంధ్రప్రదేశ్ 1986లో తెస్తే కర్ణాటక 1994లో తెచ్చింది, దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. అంటే ఒక భాష మాట్లాడే, ఒక దేవతకు మొక్కే ఇద్దరు అక్కచెల్లెళ్ళలో రాయదుర్గంలోని ఆమెకు వాటా ముందు వచ్చింది, బళ్ళారిలోని ఆమెకు కొత్త నిషేధ చట్టం ముందు వచ్చింది. రెండూ కలిపి ఏ ఒక్కరికీ సకాలంలో రాలేదు. కర్ణాటకలో 1993-94లోను, 2007-08లోను జరిగిన సర్వేలు కలిపి 46,660 మంది దేవదాసీలను గుర్తించాయి. ఆ జాబితాలో పేరు ఉన్న స్త్రీకి మాసాశనం, అంటే నెలవారీ పింఛను, దక్కే అవకాశం ఉంటుంది. గీతకు ఆంధ్ర వైపు పడిన చెల్లెలు ఆ జాబితాలో ఉండదు.

చట్టాలకు సరిహద్దులు తప్పవు, సాహిత్యానికి ఆ సాకు లేదు. తెలుగులో దేవదాసి గురించిన చర్చ వందేళ్ళుగా మూడు నాలుగు పేర్ల చుట్టూ తిరుగుతున్నది: రాధికా సాంత్వనము రాసిన ముద్దుపళని, ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ, దానిని తూలనాడిన వీరేశలింగం, కన్యాశుల్కంలోని మధురవాణి. 1911లో ఆ కావ్యాన్ని నిషేధించిన ప్రభుత్వం పట్ల, ఆ నిషేధాన్ని సమర్థించిన పండితుల పట్ల ఆగ్రహం న్యాయమైనదే, నాగరత్నమ్మ తెగువకు నమస్కరించవలసినదే. అయితే ఒక ప్రశ్న వేయక తప్పదు. నిషేధానికి గురి కావాలన్నా ముందు ఒక పుస్తకం ఉండాలి. బసివి ఏ పుస్తకమూ రాయలేదు, ఆమెకు అక్షరమే అందలేదు. నిషేధించడానికైనా ఆమెకంటూ ఏమీ మిగల్చని సమాజం మీద తెలుగు స్త్రీవాద విమర్శ ఎన్ని పేజీలు ఖర్చు చేసింది? కళ ఉన్న దేవదాసి కోసం కన్నీరు కార్చి, కూలి చేసే బసివిని సంక్షేమ శాఖకు వదిలిపెట్టడం కులదృష్టి తప్ప మరొకటి కాదు. ఆ మాట కఠినంగా ఉన్నా దానిని మెత్తబరచవలసిన అవసరం ఈ పత్రికకు కనిపించడం లేదు.

బళ్ళారికి తెలుగు నాటక చరిత్రలో ఉన్న స్థానం వల్ల ఈ ఫిర్యాదు ఇంకా బరువెక్కుతుంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమా సభను నడిపిన ఊరు ఇది. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని, చదువుకున్న కుటుంబాల ఆడవారు రంగస్థలం ఎక్కాలని వాదించినదీ ఈ ఊరి పేరుతోనే. తెలుగు స్త్రీని వేదిక మీదికి పిలిచిన ఊరికి నాలుగు మైళ్ళ దూరంలోనే బసివి ఉన్నది, ఆమె కోసం ఏ తెర లేచిందని అడగవలసి వస్తున్నది. పక్క భాష ఈ విషయంలో కొంత మేలు. ఇదే ప్రాంతంలో పెరిగి, ఎల్లమ్మకు విడిచిపెట్టబడి, జోగతి నృత్యాన్ని జీవనంగా చేసుకొన్న ట్రాన్స్‌జెండర్ కళాకారిణి మంజమ్మ జోగతి 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది, 2021లో పద్మశ్రీ అందుకొంది. తెలుగు నేలన అటువంటి గౌరవం ఒక జోగినికో బసివికో ఇంకా దక్కవలసే ఉంది.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ వంటి పుస్తకాలు ఈ లోటును తీర్చలేదా అని అడిగేవారుంటారు. అవి చూపిన దారి గొప్పది, ఆ దారి బళ్ళారి దాకా రాలేదన్నదే ఇక్కడి మాట.

కావలసినది జాలి కథలు కాదు. ముసలితనంలో ఉన్న బసివిల మాటలు, వారు మాట్లాడే కన్నడం కలిసిన తెలుగులోనే, దిద్దుబాటు లేకుండా అచ్చు కావాలి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఆ సేకరణను తమ పనిగా తీసుకోవాలి. ఆదోని, రాయదుర్గాలలోని బసివిలకూ వారి బిడ్డలకూ బళ్ళారి వారికి వచ్చిన హక్కులే రావాలని తెలుగు రచయితలు ప్రభుత్వాలను అడగాలి. బడిలో చేరే పిల్లవాడి దరఖాస్తులో తండ్రి పేరు ఉండవలసిన గడిలో ఇన్నేళ్ళూ మేనమామ పేరో తాత పేరో రాసి గడిపారు. ఆ గడి ఖాళీగా ఉన్నా తప్పు లేదని చట్టం ఇప్పుడు ఒప్పుకొంది. దాని పక్కనే తల్లి పేరు గడి ఉంటుంది. ఆ పేరు గల మనిషి ఎవరో, ఎలా బతికిందో రాయవలసిన పని చట్టానిది కాదు, సాహిత్యానిది.